పాకే పిల్లలకు నేల ఎలా ఉండాలి? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అయిదు నుంచి పది నెలల పిల్లలున్న ఇళ్ల నుంచే. బోర్లా పడితే బొబ్బట్లు పంచారు, ఆ తర్వాత కదలిక ఎందుకు లేదన్నదే చాలామంది ఆరాటం. ఈ జవాబుల్లో పొట్ట నేలకు ఆనించి ముందుకు ఈడ్చుకుంటూ వెళ్లడాన్ని పాకడం అని, పొట్ట పైకెత్తి అరచేతులు, మోకాళ్ల మీద వెళ్లడాన్ని దోగాడడం అని రాశాం.

ప్రశ్న: మా పాపకు ఏడు నెలలు నిండాయి. అయిదో నెలలోనే బోర్లా పడింది. ఇప్పుడు పొట్ట మీద ఉంచితే చేతులతో నెట్టుకుని వెనక్కి వెళ్లిపోతోంది. ముందు పెట్టిన బొమ్మ అందక ఏడుస్తోంది. వెనక నుంచి మెల్లగా తోస్తే గడ్డం నేలకు తగులుతోంది. ముందుకు పాకాలంటే ఏం చేయాలి? – తెనాలి నుంచి ఒక తల్లి

జవాబు: వెనక్కి వెళ్లడం చాలామంది పిల్లల్లో మొదటి కదలిక. బలం ముందు మెడకు, తర్వాత భుజాలకు, చేతులకు, చివరికి నడుముకు, కాళ్లకు వస్తుంది. మీ పాప మోచేతులు చాపి నేలను నెట్టగలుగుతోంది కానీ కాళ్లతో తన్నుకోవడం ఇంకా పట్టుబడలేదు. చేతులు నెట్టినప్పుడు ఒళ్లు వెనక్కే జారుతుంది. కాళ్లు పని మొదలుపెట్టాక, చేతులు నెట్టడం మాని లాగడం నేర్చాక దిశ మారుతుంది. ఇందుకు సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది.

తోయడం మాత్రం ఈ రోజుతో ఆపండి. మీరు తోసినప్పుడు చేతులు ముందుకు రాకముందే ఒళ్లు జరుగుతుంది, అందుకే గడ్డం కొట్టుకుంటోంది. పైగా ఎక్కడ బలం పెడితే ఎటు కదులుతామన్న లెక్క పాప ఒంటికి తెలియకుండా పోతుంది. పాపను జరపడం మన పని కాదు. తను జరగడానికి వీలుగా నేలను, బట్టలను, బొమ్మను అమర్చడమే మన పని.

ముందు నేల సంగతి చూద్దాం, సగం ఇళ్లలో చిక్కు అక్కడే ఉంటుంది. పాకడానికి రెండు కావాలి: పొట్ట జారాలి, కాలి వేళ్లు పట్టాలి. పరుపు మీద పొట్ట కిందికి దిగబడిపోతుంది కాబట్టి అక్కడ ఎంత ఆడించినా పాకడం రాదు, పైగా పడిపోయే ప్రమాదం. నున్నటి టైల్స్ మీద, పాలరాయి మీద వేళ్లు జారిపోతాయి. మెత్తటి మందపు బొంత కూడా ముద్దగా మడతలు పడి అడ్డమవుతుంది. గట్టిగా నేసిన జంపఖానా, దాని కింద జారకుండా రబ్బరు షీటు వేస్తే బాగుంటుంది. 4 నుంచి 6 మిల్లీమీటర్ల మందం ఉన్న యోగా మ్యాట్లు రెండు పక్కపక్కన పరిచినా సరిపోతుంది. గరుకు తీసిన సిమెంటు గచ్చు ఉంటే శుభ్రంగా తుడిచి నేరుగా వాడుకోవచ్చు. ముక్కలు ముక్కలుగా అతికే ఫోమ్ మ్యాట్లయితే అంచుల్లో ఊడి వచ్చే చిన్న ముక్కలను ముందే తీసి పారేయండి, నోట్లో పెట్టుకుంటారు.

బట్టల విషయంలో పొరపాటు రెండు వైపులా జరుగుతుంది. కాళ్లకు సాక్సులు, పాదాలు మూసే పైజమా వేస్తే వేళ్లు జారతాయి. అలాగని ఒంటిమీద ఏమీ లేకుండా వదిలితే చెమటకు పొట్ట మ్యాట్‌కు అతుక్కుపోతుంది. పలచటి నూలు చొక్కా, మోకాళ్ల పైకి ఉండే నిక్కరు, ఉత్తి పాదాలు, ఇదీ సరైన వేషం. కుచ్చుల ఫ్రాకు మోకాళ్ల కిందికి చేరి ఆపేస్తుంది. పూసలో వెండి బిళ్లో ఉన్న మొలతాడు పొట్ట కింద గుచ్చుకుంటుంది. పాకే వేళకైనా దాన్ని తీయండి, లేదా పూసలు లేనిది కట్టండి. మెడలో గొలుసు, తాడు ఈ వయసులో అసలు వద్దు. అవి ఎక్కడైనా తట్టుకుంటే ఊపిరికే ముప్పు.

ఇక ఆడించే వరుస. ఒకటి కుదిరాక రెండోదానికి వెళ్లండి, అన్నీ ఒకే రోజు చేయకండి.

మొదట చుట్టూ తిరగడం. బొమ్మను ఎదురుగా కాకుండా పక్కన, పాప నడుము దగ్గర పెట్టండి. దాని కోసం పొట్ట మీదే గడియారం ముల్లులా తిరుగుతుంది. ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు పెట్టండి. బరువు ఒక పక్కకు మార్చి రెండో చేయి తీయడం ఇక్కడే వస్తుంది, అది రాకుండా పాకడం రాదు.

తర్వాత ఒక చేత్తో అందుకోవడం. మోచేతుల మీద ఆనుకుని ఉండగా బొమ్మను కళ్ల ఎత్తులో, చేతికి కొంచెం పైన పట్టుకోండి. పాప ఒక చేయి ఎత్తి అందుకోవాలి. ప్రతిసారీ అదే చేయి ఎత్తుతుంటే బొమ్మను రెండో వైపుకు మార్చండి.

మూడోది కాలికి ఆనుపు. బొమ్మను పాప చాచిన వేళ్లకు బెత్తెడు దూరంలో, నేల మీదే పెట్టండి. మూరెడు దూరం పెడితే ఆశ వదిలేసి ఏడుస్తుంది. మీరు వెనక కూర్చుని ఒక మోకాలిని పక్కకు, కప్పలా మడిచి, అరికాలికి మీ అరచేయి ఆనించండి. నెట్టకండి, గోడలా కదలకుండా ఉంచండి. అయిదు నుంచి పది సెకన్లు ఆగండి. పాప తనే అరచేతిని తన్నుకుని ముందుకు వస్తుంది. ఆ తర్వాత రెండో కాలు. బొమ్మ అందాక కాసేపు ఆడుకోనివ్వండి, వెంటనే లాక్కుని దూరం జరిపితే రెండోసారికి నమ్మదు. ఒక విడతలో మూడు నాలుగు సార్లు చాలు.

ఇది రెండు వారాలు చేసినా వెనక్కే వెళ్తుంటే, కాస్త వాలు పనికొస్తుంది. గట్టి ఫోమ్ పరుపు ఒక వైపు కింద మడిచిన దుప్పటి పెట్టి నాలుగైదు అంగుళాలు ఎత్తండి. తల పల్లంవైపు, కాళ్లు ఎత్తువైపు ఉండేలా పడుకోబెడితే చిన్న తన్నుకే ఒళ్లు ముందుకు జారుతుంది. రెండు మూడు నిమిషాలే, చేయి దూరంలో మీరుండాలి. అంతకంటే నిటారు వాలు వద్దు, ముఖం మీద పడతారు.

రోజుకు నాలుగైదు విడతలు, విడతకు అయిదు నుంచి పది నిమిషాలు చేయండి. తల నేలకు వాల్చేసినా, వేళ్లు చీకుతున్నా అలసిందని అర్థం, ఎత్తుకోండి.

ప్రశ్న: బాబుకు ఆరో నెల. బోర్లా పడుకోబెట్టిన నిమిషానికే గుక్కపెట్టి ఏడుస్తాడు. మా అత్తయ్య ఊరుకోబెట్టలేక ఎత్తుకుంటారు. రోజంతా చేతుల్లో, లేదంటే చీర ఉయ్యాలలో ఉంటున్నాడు. – హైదరాబాద్

జవాబు: ఏడుపుకు ముందు కారణం వెతకండి. పాలు తాగిన వెంటనే పొట్ట మీద వేస్తే ఏ బిడ్డయినా ఏడుస్తాడు, కక్కుతాడు. కనీసం అరగంట, పాలు ఎక్కువ కక్కే బిడ్డయితే ముప్పావుగంట ఆగాలి. నిద్ర ముంచుకొచ్చే వేళ కూడా వద్దు. నూనె రాసి మర్దనా చేసిన వెంటనే బోర్లా వేస్తే చేతులు జారి ముఖం నేలకు తగులుతుంది. ఒకట్రెండు సార్లు అలా అయితే ఆ పొజిషన్ అంటేనే భయపడతాడు. నూనె తుడిచి, లేదా స్నానం చేయించి, ఒళ్లు ఆరాక ఆడించండి. మర్దనాకు ముందు అయితే ఇంకా మేలు.

ఇవేవీ కాకపోతే మిగిలింది అలవాటు లేకపోవడమే. నేల మీద కాకుండా మీ ఛాతీ మీద మొదలుపెట్టండి. మీరు దిండ్లకు ఆనుకుని సగం వాలి కూర్చుంటే బాబు మీ ముఖం చూడడానికి తల ఎత్తుతాడు. రెండు మూడు రోజులకు తొడల మీద అడ్డంగా. ఆ తర్వాత నేల మీద, ఛాతీ కింద చుట్టిన తువ్వాలు పెట్టి. ఆ చుట్ట రెండు మూడు అంగుళాల మందం దాటకూడదు, చంకల కింద ఉండాలి కానీ పొట్ట కింద కాదు. మోచేతులు భుజాల కంటే కాస్త ముందుకు వచ్చేలా సర్దండి. మోచేతులు వెనక్కి ఉండిపోతే బిడ్డ తల ఎత్తలేడు, ఏడుపు అక్కడే మొదలవుతుంది. మీరు గానీ అత్తయ్య గానీ ఎదురుగా నేల మీద పడుకుని ముఖంలో ముఖం పెట్టి మాట్లాడండి. ఏ బొమ్మా దానికి సాటి రాదు. చేయి వెనక్కి ఉండిపోయిందేమో చూసుకోవడానికి కూడా అక్కడి నుంచే వీలు.

ఒక్క నిమిషంతో మొదలుపెట్టి రోజుకు అర నిమిషం చొప్పున పెంచండి. ఏడుపు మొదలయ్యాక కాదు, మొదలవబోతుండగా ఎత్తుకోండి. ఏడాదిలోపు పిల్లలు మెలకువగా ఉన్న వేళ రోజు మొత్తానికి కనీసం 30 నిమిషాలు బోర్లా గడపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అది ఒకేసారి కాదు, ముక్కలు ముక్కలుగా. ఉయ్యాల నిద్రకే ఉంచండి. మెలకువలో చీర ఉయ్యాల బిడ్డను ముడుచుకునేలా చేస్తుంది, అక్కడ చేతులు, కాళ్లు నేర్చుకునేది ఏమీ ఉండదు. నిద్రకు మాత్రం ఎప్పుడూ వెల్లకిలానే పడుకోబెట్టాలి, మధ్యలో తనంతట తను బోర్లా తిరిగితే సరే.

అత్తయ్యకు బాబు ఏడుపు భరించడం కష్టం. ఆమెనే ఎదురుగా కూర్చోబెట్టి గిలక ఆమె చేతికివ్వండి. ఏడుపు ఆపే పని, ఆడించే పని ఒక్కటైపోతుంది.

ప్రశ్న: పాపకు అయిదో నెలలో అన్నప్రాశన పెట్టుకున్నాం. పుస్తకం, కలం, డబ్బు, బంగారం ముందు పెట్టి పాకమంటారు కదా. మా పాప ఇంకా కదలదు. చుట్టాలందరి ముందు ఏమవుతుందోనని దిగులు. మా తమ్ముడేమో కానుకగా వాకర్ తెస్తానంటున్నాడు. – రాజమహేంద్రవరం

జవాబు: అయిదో నెలలో పాకే పిల్లలు అరుదు. ఆ వయసుకు మోచేతుల మీద ఆనుకుని తల నిలబెట్టి, ఎదురుగా ఉన్నదాని మీదికి చేయి చాపితే చక్కగా ఎదుగుతున్నట్టే. వస్తువులను వరుసగా దూరం పెట్టకుండా చేతికి బెత్తెడు దూరంలో అర్ధచంద్రాకారంలో పెట్టండి. కత్తి, చిన్న ఉంగరం లాంటివి పెట్టకండి, నాణేల బదులు నోటు పెట్టండి. పట్టు పరికిణీ జారుతుంది, కాళ్లకు చుట్టుకుంటుంది. ఆ అయిదు నిమిషాలకు నూలు చొక్కా చాలు. పెళ్లి పందిట్లో లాంటి హడావుడి, మంత్రాలు, ఫ్లాష్‌ల మధ్య పాప ఏడ్చినా దానికీ ఎదుగుదలకూ సంబంధం లేదు.

ఒక మాట: ఘనాహారం ఆరు నెలలు నిండాకే మొదలుపెట్టాలి. అయిదో నెలలో వేడుక జరుపుకున్నా, నాలుకకు తాకించి ఊరుకోండి.

వాకర్ మాత్రం వద్దని తమ్ముడికి ఇప్పుడే చెప్పండి. అందులో బిడ్డ వేలాడుతూ కాలి మునివేళ్లతో నేలను తోస్తుంది, పొట్ట, నడుము, భుజాలు పనిచేయవు. నడక త్వరగా రాదు సరికదా, నేల మీద గడపాల్సిన గంటలు పోతాయి. మెట్ల మీద నుంచి దొర్లడం, పొయ్యి దాకా, వేడి గిన్నె దాకా చేతులు వెళ్లడం దీనితోనే ఎక్కువ. అందుకే కెనడా 2004లో వీటి అమ్మకాన్నే నిషేధించింది. కానుక ఇవ్వాలని ఉంటే ఆరడుగుల మంచి మ్యాట్ తెమ్మనండి.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. బాబు తొమ్మిదో నెలలో కూర్చుని పిర్రల మీద జరుగుతున్నాడు, పాకలేదు, దోగాడడం లేదు. ఇక్కడి డాక్టర్ వాళ్ల జాబితాలో దోగాడడం అసలు లేదన్నారు. పాకకపోతే చదువులో వెనకబడతాడని మా అమ్మ ఫోన్‌లో భయపెడుతోంది. ఎవరి మాట నిజం? – అమెరికా నుంచి

జవాబు: డాక్టర్ చెప్పింది నిజమే. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2022లో ఎదుగుదల జాబితాను సవరించినప్పుడు దోగాడడాన్ని తీసేసింది, ఎందుకంటే ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనే కొందరు ఆ మెట్టు ఎక్కకుండా నడిచేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశాల పిల్లల మీద చేసిన అధ్యయనంలో (మన ఢిల్లీ పిల్లలు కూడా అందులో ఉన్నారు) నూటికి నలుగురికి పైగా చేతులు, మోకాళ్ల మీద దోగాడలేదు. మిగిలినవారిలో అది 5.2 నెలల నుంచి 13.5 నెలల దాకా ఎప్పుడైనా మొదలైంది. పాకకపోతే చదువు రాదనడానికి ఆధారం లేదని అమ్మగారికి ధైర్యంగా చెప్పండి.

అయినా నేల మీద ఆడించడం మానకండి. జాబితాలో లేనంత మాత్రాన పనికిరానిది కాదు. పొట్టతో పాకిన పిల్లలు, అది లేకుండా నేరుగా దోగాడిన పిల్లల కంటే దోగాడే మొదటి వారాల్లో చురుగ్గా కదిలారని పసిపిల్లల కదలికలపై పరిశోధించే మనస్తత్వవేత్త క్యారెన్ అడాల్ఫ్ బృందం 1998లో ప్రచురించిన పరిశీలనలో తేలింది. ఆ పిల్లల్లో ఇంచుమించు సగం మంది పాకనేలేదు కూడా. అంటే పాకడం సాయపడుతుంది, కానీ తప్పనిసరి కాదు.

పిర్రల మీద జరిగే పిల్లలు తరచుగా బోర్లా ఉండడం ఇష్టపడనివారే. కూర్చోబెట్టే వేళ తగ్గించండి. బాబు కూర్చుని ఉండగా బొమ్మను పక్కన, కొంచెం వెనకగా పెడితే నడుము తిప్పి, చేతుల మీద ఆనుకుని పొట్ట మీదికి దిగుతాడు. మీరు కాళ్లు చాపి కూర్చుని ఒక తొడ మీదుగా బాబును అడ్డంగా వేయండి, అరచేతులు ఒక వైపు, మోకాళ్లు రెండో వైపు నేలకు ఆనాలి. ఆ స్థితిలో ముందుకూ వెనక్కూ ఊగనివ్వండి. మీ ఇంట్లో మందపు కార్పెట్ ఉండి ఉంటుంది. దాని మీద పొట్ట జారదు, చర్మం కందుతుంది. హాల్లో చెక్క నేల ఉన్న చోట పలచటి మ్యాట్ వేసి అక్కడ ఆడించండి.

ప్రశ్న: పాపకు తొమ్మిది నెలలు. పాకుతుంది కానీ కుడిచేతితోనే లాక్కుంటుంది, ఎడమ కాలు వెనకే ఈడుస్తుంది. చూసేవాళ్లు ముద్దుగా ఉందంటున్నారు. – అనంతపురం

జవాబు: ఈ నెలలోనే పిల్లల డాక్టరుకు చూపించండి. పాకడం మొదలైన కొద్ది వారాలు కొంత ఒంటివైపు లాగుడు ఉండవచ్చు, కానీ ఎప్పుడూ అదే చేయి, అదే కాలు అయితే కారణం తెలుసుకోవాలి. తుంటి కీలు సరిగ్గా కూర్చోకపోవడం ఒక కారణం, మెదడు నుంచి ఒక పక్క కండరాలకు సరైన ఆజ్ఞలు అందకపోవడం మరొకటి. రెండింటిలోనూ త్వరగా మొదలుపెట్టిన వైద్యానికే ఫలితం ఎక్కువ.

వెళ్లేముందు ఇంట్లో చూసి రాసుకోండి. వెల్లకిలా వేసి మోకాళ్లు మడిచి తొడలు రెండు పక్కలకు తెరిస్తే రెండూ సమానంగా తెరుచుకుంటున్నాయా? డైపర్ మార్చేటప్పుడు ఒక కాలు బిగుసుకుంటోందా? బొమ్మను ఎడమవైపు ఇచ్చినా కుడిచేయే దాటి వచ్చి అందుకుంటోందా? ఏడాదిలోపు ఒకే చేతివాటం స్థిరపడడం మామూలు కాదు. ఎడమ పిడికిలి ఎక్కువసేపు మూసి ఉంటోందా? పాప పాకేటప్పుడు ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి అర నిమిషం వీడియో తీయండి. క్లినిక్‌లో పిల్లలు పాకరు, ఆ వీడియోయే డాక్టరుకు ఎక్కువ చెబుతుంది.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా ఆస్పత్రుల్లో నడిచే ముందస్తు చికిత్స కేంద్రాల్లో, అంటే డీఈఐసీల్లో, ఇలాంటి పిల్లలకు పరీక్షలు, ఫిజియోథెరపీ ఉచితం. ఆశా కార్యకర్తను అడిగితే దారి చూపుతుంది.

ఇతర పాఠకులూ గమనించండి: ఆరు నెలలు దాటినా తల నిలవకపోవడం, తొమ్మిది నెలలు నిండినా ఆసరాతో కూడా కూర్చోలేకపోవడం, ఎత్తుకుంటే ఒళ్లు మరీ వేలాడిపోవడం లేదా కర్రలా బిగుసుకోవడం, వచ్చిన పని మళ్లీ పోవడం కనిపిస్తే వ్యాయామాలతో కాలం గడపకండి, డాక్టరును కలవండి.

ప్రశ్న: ఎనిమిది నెలల క్రితం 32 వారాలకే కాన్పయింది. తోటి పిల్లలు పాకుతున్నారు, మావాడు ఇప్పుడే బోర్లా పడుతున్నాడు. – విశాఖపట్నం

జవాబు: నిండు నెలలు 40 వారాలు. బాబు 8 వారాలు ముందే పుట్టాడు కాబట్టి వయసులోంచి ఇంచుమించు రెండు నెలలు తీసేయండి, ఎదుగుదల లెక్కకు అతని వయసు ఆరు నెలలు. ఆరో నెలలో బోర్లా పడడం సరైన వేళే. రెండేళ్లు వచ్చేదాకా ఇదే లెక్క, కానీ టీకాలు మాత్రం పుట్టిన తేదీ ప్రకారమే. నెలలు తక్కువ పిల్లలను ఆస్పత్రి రమ్మన్న తేదీలకు తప్పకుండా తీసుకెళ్లండి.

ప్రశ్న: పాప పాకడం మొదలుపెట్టింది. ఉమ్మడి కుటుంబం, ఇంట్లో ఎప్పుడూ పదిమంది. నేల మీద ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? – వరంగల్

జవాబు: ముందు మీరే పొట్ట మీద పడుకుని గదంతా చూడండి. నిలబడితే కనిపించనివి మంచం కింద, సోఫా కింద కనిపిస్తాయి. అడ్డంగా 4 సెంటీమీటర్ల కంటే చిన్నదేదైనా గొంతులో ఇరుక్కోగలదు: పల్లీలు, చింతగింజలు, బఠానీలు, పిన్నీసులు, నాణేలు, తాతగారి మాత్రలు. వీటన్నిటికంటే భయంకరం రిమోట్లలో, బొమ్మల్లో, బరువు తూచే యంత్రాల్లో ఉండే బిళ్ల బ్యాటరీ. మింగితే రెండు గంటల్లోపే అన్నవాహికను కాల్చేయగలదు. మింగిందన్న అనుమానం వచ్చినా కక్కించకండి, ఏమీ పెట్టకండి, ఎక్స్‌రే ఉన్న ఆస్పత్రికి పరుగెత్తండి.

దోమల మందు డబ్బా, నాఫ్తలీన్ ఉండలు, ఫినాయిల్ నడుము ఎత్తు దాటిన అరలోకి వెళ్లాలి. ఫినాయిల్‌తో తుడిచిన నేలను మళ్లీ ఉత్తి నీళ్లతో తుడిచి ఆరాకే పాపను వదలండి. పాకే పిల్ల నిమిషానికోసారి చేయి నోట్లో పెట్టుకుంటుంది. బకెట్లో నాలుగు అంగుళాల నీళ్లున్నా ప్రమాదమే, బోర్లించి పెట్టండి. రైస్ కుక్కర్, ఇస్త్రీపెట్టె వైర్లు కిందికి వేలాడకూడదు. మెట్లకు పైనా కిందా గేటు పెట్టండి.

పదిమంది ఉన్న ఇంట్లో అసలు చిక్కు, ప్రతివాళ్లూ ఇంకొకరు చూస్తున్నారనుకోవడం. పాప నేల మీద ఉన్నంతసేపు చూసే మనిషి ఒకరే అని పేరు పెట్టి చెప్పుకోండి, ఆ మనిషి లేవాల్సి వస్తే పాపను ఇంకొకరి చేతికిచ్చి లేవాలి.